బావ తెచ్చిన టీవీ, నేను బిగించిన సాకెట్

ముందుగాల్నే చెప్తాన. మోత్కూర్ నుంచి రామన్నపేట దాక ఎన్ని ఊర్లున్నయో అన్ని ఊర్లల్ల, మంచంల కూసోని గోడకున్న కరెంటును ఆపిన మొదటి మొగోన్ని నేనే! నవ్వకుండ్రి, నిజం. కాకపోతే మొన్న ఆదివారం మా ఇంట్ల ఆగింది కరెంటు ఒక్కటే కాదు. మా బావ పరువు, మా అక్క మాట, మా బాపు నోట్లెకు పోయే బుక్క, మూడూ ఒక్కపారే ఆగినయి. అదీ నేను బటన్ నొక్కకముందే!

మొదటికెళ్లి చెప్త, ఇనుండ్రి.

నేను రెండేండ్లు ఐటీఐల ఎలక్ట్రీషియన్ కోర్సు చేసిన. మా బాపుకేమో గొర్ల మంద. ఆయన లెక్క ఆయనది: "కరెంటు పని కరెంటు ఉన్నప్పుడే ఉంటదిరా. గొర్లు కరెంటు లేకున్నా మేస్తయి." దీనికి జవాబు మా ఐటీఐ పుస్తకంల యాడ ఎతికినా దొరకలే.

నా ఆశంత మా ఇంటి ముందటి అర్ర మీద. ఇప్పుడు దాంట్ల తవుడు బస్తాలు, ఉన్ని మూటలు ఉన్నయి. అవి తీసేస్తే బజారుకు మొఖం పెట్టుకోని మస్తు జాగా. రిపేరు దుకాణం పెడుదామని బోర్డు సుత రాయించి పెట్టుకున్న, "యాదగిరి ఎలక్ట్రికల్స్" అని. గా బోర్డు ఆర్నెల్ల సంది మంచం కింద పండుకున్నది.

గింతల మా సుగుణక్క పెండ్లయింది. కొత్తల్లుడు హైదరాబాద్ నుంచి వస్తాండు. వట్టిగ కాదు, కలర్ టీవీ పట్టుకోని. బాపు పొట్టేళ్లనమ్మి పైసలిచ్చిండు, ఎంచి కొని తెచ్చే పని బావది. అదీ రిమోట్ ఉన్న టీవీ! మా వాడల ఉన్న ఒకటి రెండు టీవీలన్నీ చెవి మెలేసి తిప్పేటియే.

బాపు నన్ను పిలిచి కూసోబెట్టిండు.

"టీవీకి మూడు కండ్ల సాకెట్ గావాల్నంట. మనింట్ల లేదు. నువ్వే బిగియ్యి. అల్లుడు తిరిగి బస్సెక్కేదాక కరెంటు మీద ఒక్క మాట రావొద్దు. రాకుంటే ముందటి అర్ర నీది."

"వస్తే?"

"వస్తే సోమారం పొద్దుగాల కట్టె పట్టుకోని మంద ఎనుక నువ్వే."

బుద్ధిమంతుని లెక్క మోత్కూర్ పోయి మామూలు సాకెట్ తెచ్చి బిగిస్తే అయిపోయేదుండె. కాని వస్తాంది ఎవలు? బావ! పెండ్లినాడు నేను ఆయన బూట్లు దాస్తే, ఆయన సప్పుడు చెయ్యకుండ నా చెప్పులేసుకోని కారెక్కిండు. నేను ఉత్త కాళ్లతోని ఇల్లు చేరిన. గా ముచ్చట నా కడుపుల అట్లనే ఉన్నది. అందుకని హైదరాబాద్ కోఠికి పోయి, రిమోట్ తోని పనిచేసే సాకెట్ తెచ్చిన.

తెల్లగ, సబ్బు పెట్టె అంత ఉంటది. నడిమిట్ల చిన్న ఎర్ర కన్ను. దాంతోని ఒక్కటే బటన్ ఉన్న చిన్న రిమోట్. కన్ను దిక్కు పెట్టి నొక్కితే లోపట టక్కుమంటది, కరెంటు బందు. మళ్ల నొక్కితే టక్కు, కరెంటు వస్తది. నా ఉపాయం గింతే: బావ కాలు మీద కాలేసుకోని మ్యాచ్ చూస్తుంటడు. ఆఖరి ఓవర్ పడుతుంటది. నేను లుంగీ మడతల చెయ్యి పెట్టి... టక్! ఎవ్వలకూ చెప్పలే. అడిగితే గా కన్ను ఇండికేటర్ అందామనుకున్న.

బిగించుడు షురూ చేసిన. మాది రాయి, మట్టి గోడ. స్క్రూలు పట్టాలంటే బొక్క చేసి చెక్క ముక్క కొట్టాలె. ఉలి పెట్టి రెండు దెబ్బలు కొట్టిన, మట్టి రాలింది. మూడో దెబ్బకు ఉలి మాయం! అవతలి అర్రల ధన్ మని సప్పుడు. బొక్కలకెళ్లి చూస్తే మా అవ్వ కన్ను కనవడ్డది.

"ఏందిరా, గోడకు కిటికి పెడుతున్నవా?"

"సాకెట్ అవ్వా."

"గింత బొక్కలకెళ్లి వస్తదా కరెంటు? జర పెద్దగ కొట్టు, మీ బావ గూడ గిట్లనే వస్తడు."

రెండు దోసిళ్ల సిమెంటు కలిపి బొక్క పూడ్చిన. మర్నాడు అది ఆరినంక సాకెట్ ఎక్కిచ్చి, బల్బు పెట్టి చూసిన. టక్, వెలిగింది. టక్, ఆరింది. ఇరవైసార్లు నొక్కిన, ఒక్కసారి తప్పలే. ఇగ ఊకుంటనా? అవ్వను పిలిచిన.

"అవ్వా, గీ బల్బు కొత్త రకం. బిడ్డా అని బుదరకిచ్చి చెప్తే వెలుగుతది."

అవ్వ బల్బును ఎగాదిగ చూసింది. "వెలుగు బిడ్డా," అన్నది. ఎనుక చేతిల ఉన్న బటన్ నొక్కిన, వెలిగింది. "ఇగ పండు బిడ్డా," అన్నది. ఆర్పిన. అవ్వ నా దిక్కు చూసి, "నువ్వు గింత మాట ఇంటే నాకు దిగులే లేకుండె," అనుకుంట పోయింది.

ఆదివారం పొద్దుగాల బావ దిగిండు. బస్సుల తొవ్వంత టీవీ డబ్బను తొడల మీద పెట్టుకోనే వచ్చిండట, కాళ్లు మొద్దుబారి గుంజుకుంట నడుస్తాండు. ఎనుక అక్క, చేతిల సంచి, మొఖంల రాజసం. పక్కింటి టైలర్ ఖాజా చాచా మిషన్ ఆపి, మెడల టేపు తోనే వచ్చిండు. వాడల సగం మంది మా అర్రల్నే ఉన్నరు.

నేను మిద్దెక్కి యాంటెన్నా తిప్పిన. "వచ్చిందా?" "రాలే!" "ఇప్పుడు?" "చీమలే ఉన్నయి!" "ఇప్పుడు?" "వచ్చింది, వచ్చింది, ముట్టకు!" కిందికి దిగి చూస్తే టీవీల గడ్డి పచ్చగున్నది, ఆటగాళ్లు తెల్లగున్నరు. అమ్మ టీవీకి బొట్టు పెట్టింది. బాపు నా సాకెట్ దిక్కు చూసి తలకాయ ఊపిండు. తవుడు బస్తాలు బయటికి నడుస్తున్నట్టే అనిపిచ్చింది నాకు.

"అల్లుడా, ఇగ గా రిమోట్ ఏందో జర అందరికీ చూపియ్యి. దానికోసమే ఎక్కువ పెట్టినం," అన్నడు బాపు.

బావ పంతులు లెక్క ముందటికొచ్చి నిలవడ్డడు. "మామా, ఇగ మీరు మంచంలకెళ్లి లేసే పనే లేదు. సౌండు పెంచాల్నా? గిట్ల."

నొక్కిండు. టక్! టీవీ నల్లగైంది.

నేను ఉలిక్కిపడ్డ. నా చెయ్యి లుంగీ మడతల్నే ఉన్నది. అరె, యాది మరిచి నేనే నొక్కిన్నా? గబుక్కున నొక్కిన. టీవీ వచ్చింది. అందరు "ఆఁ!" అన్నరు.

బావ నవ్విండు. "కొత్తది గదా మామా. చూడుండ్రి, చానల్ మారుస్త." నొక్కిండు. బందు. మళ్ల నొక్కిండు, వచ్చింది. "రంగు పెంచుత." బందు. ఇంకోటి నొక్కిండు, వచ్చింది. ఏ బటన్ నొక్కినా గదే పని! నాకు చెమటలు పట్టినయి. ముట్టుకోకుండనే నా రిమోట్ పనిచేస్తాందా ఏంది? లుంగీలనే మూత తీసి, బ్యాటరీలు ఊడబెరికి జేబుల ఏసుకున్న. బావ నొక్కిండు. టీవీ బందు! ఇగ చూడుండ్రి నా తిప్పలు, నా చేతిల ఉన్నది ఉత్త డబ్బ, అయినా టీవీ ఆరుతాంది!

"ఓల్టేజీ సాబ్, ఓల్టేజీ," అన్నడు ఖాజా చాచా. "నా మిషన్ బల్బు గూడ గిట్లనే ఎగిరెగిరి పడ్తది."

"ఓల్టేజీ అయితే రిమోట్ నొక్కినప్పుడే ఎందుకు పోతది చాచా?" అన్నడు బావ. పాపం, గా తెలివైన ముచ్చటే ఆయన మెడకు చుట్టుకున్నది.

బాపు గొంతు సవరించుకున్నడు. "అల్లుడా... దుకాణంల రిమోట్ నొక్కి చూసే కొన్నవా?"

"చూసిన మామా. మంచిగనే చేసింది."

"మంచిగ చేస్తే గిట్ల ఎందుకు చేస్తది? పదిమందిల."

"బాపూ!" అన్నది అక్క. గా ఒక్క మాటే. కండ్లల్ల నీళ్లు తిరిగినయి. బావ చెవులు ఎర్రగైనయి. వచ్చినోళ్లంత ఒక్కొక్కలే లేసి చెప్పులు ఎతుక్కున్నరు. మ్యాచ్ ఎవలు గెలిచిన్రో ఇప్పటికీ నాకు తెల్వది.

అమ్మ మటన్ వండింది. వాసన ఇల్లంత తిరుగుతాంది, తినేటోడు లేడు. బావ ఆకలి లేదన్నడు. అల్లుడు తినకుంటే బాపు తినడు. బాపు తినకుంటే ఎవ్వలం తినం. రేపు పోవాల్సిన బావ లేసి, టీవీని డబ్బల పెట్టి తాడు కట్టుడు షురూ చేసిండు. "నాలుగు గంటల బస్సుకు పోయి, దుకాణపోని మొఖాన కొట్టి వస్త. నేను తెచ్చిందే కదా, నేనే వాపస్ చేస్త," అన్నడు. అక్క సంచి అందుకున్నది. బాపు ఆగమనలే. పరువు ఇద్దరికీ ఉన్నది మరి. ఆఖరికి ఇద్దరు బస్ స్టాండు దిక్కు నడుస్తుంటే, మనసాగక బాపు సుత ఎనుక పోయిండు.

అర్ర ఖాళీ అయింది. అమ్మ ఉక్కపోస్తాందని టేబుల్ ఫ్యాన్ తెచ్చి నా సాకెట్ల పెట్టి పోయింది. మంచం మీద టీవీ రిమోట్ పడున్నది. గా కోపంల బావ డబ్బల పెట్టుడు మరిచిండు. గప్పుడు... నా ఐటీఐ బుర్ర పనిచేసింది. గా రిమోట్ నొక్కితే ఫ్యాన్ ఆగింది! మళ్ల నొక్కితే తిరిగింది!

గంతే, మొత్తం సమజైంది. గా ఎర్ర కన్నుకు నాది, పరాయిది అనే తేడా లేదు. ఏ రిమోట్ నొక్కినా గదే టక్కు. ఇరవైసార్లు టెస్టు చేసినప్పుడు తెల్వకపాయె, ఎందుకంటే మా వాడల ఇంకో రిమోటే లేదు. మొదటి రిమోట్ ఇంట్లకు తెచ్చింది బావ. టీవీకి ఏ రోగం లేదు. రోగం గోడల ఉన్నది, దాన్ని బిగించింది నేను.

చెప్పకుంటే? టీవీ వాపస్ పోతది. కరెంటు మీద మాట రాలే కాబట్టి ముందటి అర్ర నాది. బోర్డు మంచం కిందికెళ్లి బయటికొస్తది. చెప్తే? రేపు పొద్దుగాల కట్టె. కాని బావ ముంగట గా టీవీ డబ్బ, ఎనుక తలకాయ ఒంచుకోని అక్క... నా అంతరాత్మ లేసి కూసున్నది. రిమోట్ పట్టుకోని ఉరికిన. ఒక చెప్పు తొవ్వల్నే ఊడింది, ఆగలే.

బస్సు మలుపు కాడ హారన్ కొడుతాంది. బావ డబ్బను నెత్తికెత్తుకుంటాండు.

"బావా! ఆగు! టీవీ మంచిదే! సాకెట్ ది తప్పు!"

"సాకెట్ కేమైందిరా?" అన్నడు బాపు.

"అది రిమోట్ సాకెట్ బాపూ. గా ఎర్ర కన్ను ఇండికేటర్ కాదు. బావ టీవీ రిమోట్ నొక్కితే అది కరెంటే బందు చేస్తాంది."

బస్సు వచ్చి ఆగింది. కండక్టర్ "ఎక్కుతరా లేదా?" అన్నడు. ఎవ్వలూ కదలలే.

"గసొంటి సాకెట్ ఎందుకు పెట్టినవ్?" అన్నడు బావ నిమ్మళంగ.

"నీకోసమే బావా. మ్యాచ్ చూస్తుంటే ఆఖరి ఓవర్ల ఆపుదామని."

"మరి ఆపలేదేంది?"

"నాకు సందు ఏడ ఇచ్చినవ్? అన్నీ నువ్వే నొక్కుతివి!"

అక్క మొదలు నవ్వింది. కొంగు నోట్ల కుక్కుకోని, ఆఖరికి కండక్టర్ ముంగటనే కూలబడి నవ్వింది. బావ ఆమె దిక్కు చూసిండు, నా దిక్కు చూసిండు, టీవీ డబ్బ తెచ్చి నా నెత్తి మీద పెట్టిండు. "నడువు బామ్మర్ది. నా తొడలు ఇంక తిమ్మిరెక్కే ఉన్నయి."

బస్సు పోయింది. ఒంటి చెప్పుతోని, నెత్తి మీద కలర్ టీవీతోని బజారంత నడిచిన. ఖాజా చాచా తన దుకాణంల నుంచే, "ఓల్టేజీ మంచిగైందా బేటా?" అని అడిగిండు. ఇంటికి పోయినంక బాపు బావకు వడ్డిచ్చి, "నేను గంత మాట అనకుండాల్సింది అల్లుడా," అన్నడు. బావ రెండోసారి మటన్ ఏయించుకున్నడు. నాకు తీర్పు గూడ గప్పుడే అయింది: పొద్దంత మంద ఎనుక, పొద్దుగూకినంక రెండు గంటలు ముందటి అర్ర. అదీ నిజం చెప్పినందుకు, బావ బతిమాలినందుకు.

ఇప్పుడు ఊర్ల అందరు నన్ను మెచ్చుకుంటాన్రు. "తప్పు చేసినా, కనిపెట్టి, ఉరికిపోయి ఒప్పుకున్నడు పోరడు" అని. నేను గూడ అవునన్నట్టు తలకాయ ఊపుతాన. మీరు దగ్గరోళ్లు, మీకు దాస్తే పాపం. గా రిమోట్ నొక్కింది నేను కాదు. మా అవ్వ. అందరు బస్ స్టాండుకు పోయినంక మంచం మీద ఆనుకోని, వక్క నములుకుంట, ఊకె గా బటన్లు నొక్కి చూస్తాంది. ఫ్యాన్ ఆగింది, తిరిగింది, ఆగింది. నేను గోడకు ఒరిగి ముందటి అర్ర గోడలకు ఏ రంగు ఎయ్యాల్నో అని ఆలోచన చేస్తాన.

"యాదిగా, నిన్న బల్బు నా మాట ఇన్నది గీసొంటి డబ్బ తోనేనా?" అన్నది.

నేను గబుక్కున లుంగీ మడత సర్దుకున్న.

"బస్సు హారన్ కొడుతాంది. నువ్వు పోయి చెప్తవా, నేను పోవాల్నా?"

నా అంతరాత్మ లేసి కూసున్నది అన్న గదా? దాని వయసు డెబ్బై ఏండ్లు, నా చెవి ఇంకా దాని చేతిల్నే ఉన్నది.