రాజవ్వ బొంత దుబాయ్ పోయిన ముచ్చట

చాయ జర ఆగి తాగుదురు గని, ముందుగాల నా ముచ్చట వినుండ్రి. ఇగ ఎవలన్న వచ్చి బొంత కుట్టియ్యమంటే రెండు చేతులెత్తి మొక్కి పంపిస్త. ఎదురింటికి పోవాల్సిన బొంత, గల్లీ దాటితే సాలు, అది పోయి పోయి సముద్రం దాటింది. నా మెడ పట్టేసింది, కండ్లు మంటలు, మా యారాలు కొన్నాళ్లు నాతోని మాట్లాడుడు బంద్ చేసింది.

తప్పు నాదే. ఎవలేమడిగినా కాదనుడు నాకు రాదు. ఈసారి ఒక్కపారే మూడు బొంతలు ఒప్పుకున్న. ఒకటి మా ఊరి బడి టీచరమ్మది. ఆమె ఫోన్ల చూసిందట, రంగు రంగుల ముక్కలు, అన్నీ ఒక్క సైజు, నడుమ పువ్వు. దాన్ని ప్యాచ్‌వర్క్ అంటరట. మా అవ్వ పాత చీరెలు కత్తిరిచ్చి కుట్టినన్ని రోజులు దాన్ని బొంతనే అన్నరు, ఒక్కలు ఫోటో తియ్యలే.

రెండోది మా మరిది శ్రీనుది. దుబాయ్‌ల పని చేస్తడు, లీవు మీద వచ్చిండు, మల్ల పోవాలె. ఆడ రూముల ఏసీ ఆగదట, కంపెనీవోళ్లు ఇచ్చిన దుప్పటి పల్చగుంటదట. ఆయన పెండ్లాం లత, అదే మా యారాలు, తన పాత చీరెలు, పిల్లల చిన్నప్పటి గౌన్లు మూట కట్టి తెచ్చింది. "అక్కా, మేమందరం గా బొంతల ఉండాలె" అన్నది. ఇగ ఏమంటం, సరే అన్న.

మూడోది ఎదురింటి రాజవ్వది. ఆమె మొగడు మల్లయ్య పోయిన ఏడాది కాలం చేసిండు. మా దిక్కు సచ్చినోళ్ల బట్టలు ఇంట్ల ఉంచుకోరు, గోదారి గంగల ఇడుస్తరు, లేకుంటె ఎవలకన్న ఇస్తరు. రాజవ్వ మాత్రం ఆయన అంగీలు, లుంగీలు బియ్యం డ్రమ్ము ఎనుక దాసుకున్నది. ఎవ్వలకు చెప్పద్దని ఒట్టు పెట్టిచ్చుకోని నా చేతిల పెట్టింది. ఆయన పోయినప్పటినుంచి నిద్ర పడతలేదట. "బొంత కుట్టియ్యి బిడ్డా, కప్పుకోని పండుకుంట" అన్నది. నాకు ఏడుపాగలే. అందుకే టీచరమ్మది పక్కకు పెట్టి ఈమెది ముందుగాల పట్టుకున్న. మా అత్తకు తెలిస్తే ఇల్లు పీకి పందిరేస్తది కాబట్టి అవి మా ఆయన పాత లుంగీలేనని చెప్పిన.

హాల్ల మూడు బొంతలు పరిస్తే ఇంట్ల అడుగు పెట్ట జాగ లేదు. మా ఆయన గోడకు ఆనుకుంట నడిచేటోడు. బొంత మందానికి మిషిన్ సూది తట్టుకోదు, దబ్బనంతోని చేతి కుట్టే కుట్టాలె. వంగి వంగి నా నడుములు పడిపోయినయి. ఒకదానికి కుట్లేస్తుంటే ఇంకోటి యాదికొచ్చేది, అది పట్టుకుంటే మూడోదాని దారం దొరకకపోయేది. ఒకనాడు నా కొంగు గూడ కలిపి కుట్టిన. పొయ్యి మీద పాలు పొంగుతున్నయని లేస్తే బొంత గూడ నాతోనే లేసింది.

శ్రీను పోయే రోజు పొద్దుగాల మొత్తానికి రెండు బొంతలు తయారైనయి. ఒక్క పాత చద్దర్‌ను రెండు ముక్కలు చించి రెండిటిని మూట కడుతున్న. అప్పుడే టీచరమ్మ ఫోన్. పువ్వుల పసుపు రంగు కంటికి కొడుతుందట, ఆకుపచ్చ పెడితే ఎట్లుంటదని అడుగుతుంది. ఫోన్ చెవికి భుజానికి నడుమ ఇరికిచ్చుకోని, ఊ మేడం, ఊ మేడం అనుకుంట ముడులేసిన. ఫోన్ పెట్టేసి చూస్తే రెండు మూటలు ఒక్క తీరే ఉన్నయి. ఒకటి మంచం కిందికి తోసిన, ఒకటి శ్రీనుకిచ్చిన. విప్పి చూస్తే నా సొమ్మేం పోతుండె చెప్పుండ్రి.

ఆటో వచ్చింది. జగిత్యాలకు పోయి ఆడ బస్సెక్కాలె. పిల్లలు ఏడుస్తుండ్రు, లత ఏడుస్తుంది, శ్రీను మొకం అటు తిప్పుకున్నడు. బ్యాగుల మీద బొంత మూట పెట్టి తాడు బిగిచ్చిండ్రు. ఆటో కదిలింది. మూట మూలకు చద్దర్ జరిగి లోపలిది కనవడ్డది. నీలం గళ్ల లుంగీ. మల్లయ్య లుంగీ.

"శ్రీనూ" అనబోయిన. "శ్రీ" అన్ననో లేదో, ఎనుకకెళ్లి మా అత్త వచ్చి నా నోరు మూసింది. ప్రయాణం పోయేటోన్ని ఎనుకకెళ్లి పిలువద్దు కద. మా అత్తకు గది పెద్ద పట్టింపు. మా ఆయన టిఫిన్ డబ్బా మర్చిపోయినా పిలువనియ్యది, పస్తన్న ఉంటడు గని ఎనుకకు మాత్రం రావద్దంటది. ఏండ్ల కొద్ది బీడీలు చుట్టిన చెయ్యి ఆమెది, ఉడుం పట్టు. ఆటో మూల తిరిగేదాక ఇడువలే.

ఫోన్ తీసిన. ఫోన్ల పిలిచినా ఎనుకకెళ్లి పిలిచినట్టేనట, గంగ దాటినంక చెయ్యమన్నది. జగిత్యాల తొవ్వల గంగ ఏడున్నదత్తా, అది మనకు అటు పక్కకు కదా అంటే, అయితే ఇమానం ఎక్కినంకనే చెయ్యి అన్నది. ఇగ దాస్తే లాభం లేదనుకున్న.

"అత్తా, గా బొంతల మల్లయ్య బట్టలున్నయి" అన్న.

గడప మీద కూసోవద్దని ఊరందరికి బుద్ధి చెప్పే మనిషి, పోయి గడప మీదనే కూలవడ్డది. సచ్చినోని బట్టలు నా కొడుకు మీద కప్పి దేశం పంపినవా, ముందే నోరు తెరిచి చెప్పద్దా అని తిట్టుడు షురూ చేసింది. తెరిచిన అత్తా, నువ్వే మూస్తివి అన్న. ఇగ ఆమెనే ఫోన్ గుంజుకున్నది. ఎన్నిమాట్ల చేసినా వాడు ఎత్తలే. ఎత్తేటాలకు ఎయిర్‌పోర్టుల సామాన్ అప్పజెప్పి లోపలికి పోయిండు. చెప్తె వాడు ఆగమైతడని మా అత్త మాట మింగి, తిన్నవా బిడ్డా అని అడిగి పెట్టేసింది.

లతకు చెప్తే నన్ను ఒక్క తిట్టు తిట్టలే. నా చీరెలు ఇక్కడనే ఉన్నయా అని ఏడ్చుకుంట లోపలికి పోయి తలుపేసుకున్నది. తిట్టినా మంచిగుంటుండె.

అసలు పరేషాన్ రాజవ్వ తోని. ఒట్టేసి తీసుకున్న బట్టలు. ఆమెకు మొగనివి మిగిలినయే అవి. బదులన్న ఇద్దామని లత బొంత సంకల పెట్టుకోని గల్లీ దాటిన. జరిగింది జరిగినట్టు చెప్పిన. తిట్టు రాజవ్వా, కొట్టు, శ్రీను మల్ల లీవుకు వచ్చినప్పుడు తెప్పిస్త అన్న. ఆమె, మీ మరిది ఏ దేశం పోయిండే అని అడిగింది. దుబాయ్ అన్న.

కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. ఏడుస్తుందేమోనని నేను గూడ ఏడ్వబోయిన. చూస్తే భుజాలు ఊగేటట్టు నవ్వుతుంది.

"దుబాయ్ పోత, దుబాయ్ పోతనని ఏజెంట్ల సుట్టు తిరిగి తిరిగి చెప్పులరగ్గొట్టిండే మా ఆయన. బతికున్నన్ని రోజులు వీసా రాలే. గిప్పుడు సూడు, ఏ ఏజెంటు లేకుంట ఎట్ల పోయిండో."

అని నవ్వుకుంట నవ్వుకుంటనే ఏడ్చింది. నేను గూడ ఆమె పక్కన కూసోని ఏడ్చిన. తెప్పియ్యకు, ఉండనియ్యి, ఆయన ఇష్టపడి పోయిన జాగ అన్నది. లత బొంత మడత గూడ విప్పకుంట వాపస్ ఇచ్చింది. మా ఊళ్లె ఇంకొకలు దుబాయ్ పోయేటోళ్లుంటే ఆళ్లతోని పంపుదామని లతకు చెప్పిన. గప్పుడు తలుపు తీసింది.

ఇప్పుడు మాపటికి శ్రీను వీడియో కాల్ చేసినప్పుడల్లా రాజవ్వ వచ్చి కూసుంటది. జర నీ బొంత చూపియ్యి కొడుకా అంటది. మూటలు మారినయి, అవి మా ఆయన పాత లుంగీలేనని వానికి చెప్పినం, అసలు సంగతి తెల్వదు, అందుకే ముసలామెకు నా మీద ఎంత పావురమో, ఎంత ప్రేమో అని మురుస్తుండు. బొంత కప్పుకుంటే వానికి మంచిగ నిద్ర పడుతుందట. రాజవ్వ గూడ ఇంటికి పోయి పండుకుంటుందట. మా అత్త ఇదంత ఓ పక్కకు కూసోని చూస్తది.

నిన్న నేను టీచరమ్మ బొంతల పసుపు ముక్కలు ఇప్పుకుంట కూసున్న. మా అత్త మెల్లగ వచ్చి పక్కన కూసున్నది. ఎవలన్న ఇంటున్నరా అని అటిటు చూసింది. "బిడ్డా, నేను పోయినంక నా చీరె గూడ ఒకటి, ఎవలన్న పోతుంటె, బొంతల పెట్టి పంపు. నేను ఇమానం ఎక్కనే లేదు" అన్నది.

చూసిండ్రా నా బతుకు. ఎదురింటి బొంత ఎదురింట్ల ఇచ్చుడు శాతకాలే గని, సచ్చినోళ్లను ఇమానమెక్కిచ్చే ఏజెంటునైన.