అచ్చుల షెడ్డు కోసం కొట్లాడిన మా అత్తమ్మ

మా అత్తమ్మ పోయింది. ఆదివారం ప్రార్థనకు తయారవుతూ, చీర కుచ్చిళ్లు సర్దుకుంటూనే మంచం మీదికి ఒరిగింది. దవాఖానకు చేర్చేలోపే ప్రాణం పోయింది. అంత నెమ్మదిగా వెళ్లిపోయిన మనిషి ఎంత కొట్లాడి బతికిందో మీకు చెప్పాలనిపించింది.

వరంగల్‌లో మా మామయ్యకు ఒక షెడ్డు ఉండేది. మోటారు పంపుల భాగాలకు, ప్లాస్టిక్ బకెట్లకు కావలసిన ఇనుప అచ్చులు అక్కడ చేసేవాళ్లు. విదేశాల నుంచి చవక అచ్చులు దిగడం మొదలయ్యాక పని పడిపోయింది. మామయ్య పోయేనాటికి షెడ్డుకు తాళం పడింది. అచ్చులు చెక్కినవాళ్లు హైదరాబాద్‌లో అపార్ట్‌మెంట్లకు కాపలా కాస్తున్నారు.

అత్తమ్మ దాన్ని మళ్లీ తెరిచింది. "బకెట్లు మన దేశంలనే చేస్తున్నమని గొప్పలు చెప్తరు. అచ్చు ఎవలదని ఒక్కలన్న అడుగుతరా?" అనేది. పాత పనివాళ్లను వెనక్కి పిలిపించింది. కోడలినైన నన్ను వంటింట్లోంచి తెచ్చి, ఇనుమును చెక్కే మిల్లింగ్ మెషిన్ ముందు నిలబెట్టింది.

మామయ్య తమ్ముడికి, అంటే మా చిన్న మామయ్యకు, ఇది నచ్చలేదు. షెడ్డులో తనకూ వాటా ఉందని, మెషిన్లు అమ్ముతానని పాత ఇనుము వ్యాపారికి మాట ఇచ్చేశాడు. ఒక మధ్యాహ్నం మేం అన్నం తింటుండగా లారీ వచ్చి ఆగింది. మంటతో ఇనుమును కోసే గ్యాస్ కట్టర్, ఇనుప రాడ్లు పట్టుకుని మనుషులు దిగారు. ముందు చిన్న మామయ్య.

"వదినా, జర పక్కకు జరుగు. తుక్కు కోసం లొల్లెందుకు?"

"తుక్కా? ఎంతమంది బువ్వ ఇది! చెయ్యేసి చూడు."

వేశాడు, మెషిన్ మీద కాదు, ఆమె జుట్టు మీద. నేల మీద ఈడ్చాడు. చేతిలో కంచంతోనే అడ్డమొచ్చిన ముసలి ఫిట్టర్ నెత్తి మీద ఒకడు రాడ్డుతో కొట్టాడు. ఆయన తింటున్న అన్నంలోనే రక్తం కారింది. నేను అరుస్తూ స్పానర్ విసిరితే ఎవడి ముక్కో పగిలింది. ఇంతలో కట్టర్ మంట మిల్లింగ్ మెషిన్ వైపు తిరిగింది. అత్తమ్మ ఎట్లా లేచిందో తెలియదు, ఎడమ చేత్తో ఆ మంటను పక్కకు నెట్టేసింది. చర్మం కాలిన వాసన నాకు గుర్తుంది. కుడి చేత్తో సుత్తె అందుకుని చిన్న మామయ్య మోకాలి మీద దించింది. ఎముక విరిగిన చప్పుడుకు అందరూ ఆగిపోయారు. పక్క షెడ్ల వాళ్లు పరుగున వచ్చారు. లారీ ఖాళీగా వెళ్లింది.

రెండు వైపులా కేసులు నడిచాయి. కోర్టులో అడిగితే, "కొట్టిన సారూ. అబద్ధమెందుకు చెప్త?" అంది. ఆమె ఎడమ చేతి వేళ్లు మళ్లీ ముడుచుకోలేదు. గ్లాసును కుడి చేత్తో ఎత్తి, ఎడమ మణికట్టు ఆనించి చాయ్ తాగేది. ఎవరైనా జాలిగా చూస్తే, "ఫికర్ చెయ్యకు, నోట్లకే పోతాంది" అనేది.

పాస్టరుగారు మరిదిని క్షమించమన్నారు. "క్షమించిన అయ్యగారూ. షెడ్డుల మాత్రం అడుగు పెట్టనియ్య."

మెల్లగా పని పెరిగింది. ఓడలో వచ్చే అచ్చు కోసం నెలల తరబడి చూసే పంపుల తయారీదార్లు మా గేటు దగ్గరికి రావడం మొదలుపెట్టారు. నెక్కొండ నుంచి రైల్లో వచ్చే ఆడపిల్లలకూ పని దొరికింది. ఒకరోజు ఆ ఆడపిల్లల వెనకాల చిన్న మామయ్య కూతురు నిలబడి ఉంది. పని కావాలంది. అత్తమ్మ ఆ పిల్ల వదులు జడ వైపు చూసింది.

"జుట్టు గట్టిగ ముడేసుకో. మెషిన్ల పడితె నెత్తి ఊడొస్తది" అంది. అంతే. మరునాటి నుంచి తనే పని నేర్పింది.

అత్తమ్మకు మట్టి ఇచ్చిన మరునాడు షెడ్డు తెరిచాం. పంపు మూత అచ్చు ఒకటి సగంలో ఉంది. చిన్న మామయ్య కూతురే మెషిన్ వేసింది. అచ్చు చెక్కుతుంటే నీలంగా కాలిన వేడి ఇనుప పొట్టు ఆమె ముంజేతుల మీద రాలి, చర్మానికి అంటుకుంటోంది. ఆమె దులుపుకోకుండా అచ్చు పూర్తి చేస్తోంది.