బోర్లా నేసిన మామిడి పిందెలు

2024 శ్రావణ మాసంలో ఒక వానరోజు, అమలాపురంలో నా కంప్యూటర్ల రిపేరు షాపు ముందు ఆటో ఆగింది. పాత దుప్పటిలో చుట్టిన బరువైన వస్తువును ఒక పెద్దాయన, ఒక మధ్యవయసు స్త్రీ చెరో వైపు పట్టుకుని దించారు. నా బల్ల మీద పెట్టి దుప్పటి విప్పగానే నేను కుర్చీలోంచి లేచి నిలబడ్డాను. పసుపుబారిన ఇనుప క్యాబినెట్, ముందు భాగాన ఎర్ర అంకెలు వెలిగే చిన్న గాజుపలక, ‘టర్బో’ అని రాసిన మీట, నొక్కితే టక్కుమని లోపలికి దిగే పవర్ స్విచ్. అది 486. తొంభైలలో ఆఫీసుల్లోకి, ప్రెస్సుల్లోకి వచ్చిన కంప్యూటర్లలోని ప్రాసెసర్ పేరది.

ఫిజిక్సు చదివి, కొన్నేళ్లు పాఠాలు చెప్పి, ఆ తరవాత నేను పని నేర్చుకున్నది ఇలాంటి యంత్రాల మీదే. స్విచ్ వేస్తే తెర మీద మెమరీ అంకెలు టిక్కుటిక్కుమంటూ పెరిగేవి. ఫ్లాపీ డ్రైవు ఒకసారి గుర్రుమనేది. చివర్లో ఒకే ఒక బీప్ వినిపిస్తే అన్నీ సక్రమమని అర్థం. నేటి లాప్‌టాప్ నిశ్శబ్దంగా లేస్తుంది, తనలో ఏం జరుగుతున్నదో చెప్పదు. 486 మాత్రం తన అవయవాలను ఒక్కొక్కటిగా పరీక్షించుకుంటూ ఆ సంగతి మనకు వినిపించేది. అటువంటి యంత్రాన్ని విప్పి చాలా ఏళ్లయింది.

పెద్దాయన పేరు వీరభద్రం గారు. బండారులంకలో జకార్డు అట్టలు కొట్టే మనిషి. జకార్డు అంటే చీర అంచులో బొమ్మలు తేవడానికి మగ్గం పైన బిగించే పెట్టె. దానిలోకి చిల్లులున్న అట్టలు వరసగా వెళతాయి. చిల్లున్న చోట పడుగు పోగు పైకి లేస్తుంది, లేని చోట లేవదు. ఒక్కో అట్ట ఒక్కో వరస. ఆ చిల్లులు కొట్టే యంత్రాన్ని నడిపించేది ఈ 486. ఆ యంత్రాన్ని దీనికి కలిపే పొడుగాటి సర్క్యూట్ కార్డు పట్టే స్లాటు ఇప్పటి కంప్యూటర్లలో లేదు కాబట్టి కొత్తది కొని పని కానిచ్చే దారి లేదు.

“పిడుగు పడిందండి మాస్టారూ. లోపలంతా కాలిపోయినట్టుందండి,” అన్నారాయన.

“మీ ఇంటి మీద పడిందా?”

“ఆయ్, ఇంటి మీద కాదండి. చుట్టుపక్కలెక్కడో పడింది. చప్పుడు వినపడిందండి.”

“ఇంట్లో టీవీ పనిచేస్తోందా?”

“చేస్తందండి.”

“ఫ్రిజ్జు?”

“అదీ చేస్తందండి.”

“అయితే పిడుగు మిగతావన్నీ వదిలేసి దీన్నే వెతుక్కుంటూ వచ్చిందన్నమాట.”

వెంట వచ్చిన స్త్రీ నవ్వారు. “నేనూ అదే అన్నానండి. ఈయన వింటేగా?”

ఆమె సత్యవతి గారు. ముప్పై ఏళ్లుగా మగ్గం కింద కాళ్లుంచే గుంటలో కూర్చుంటున్న నేతకత్తె. ఆమె వచ్చిన కారణం ఆమె మగ్గమే. ఒక ఇంట్లో ముగ్గురు అక్కచెల్లెళ్లు తమ్ముడి పెళ్లికి ఒకే అంచుతో మూడు చీరలు అడిగారు. రెండు ఇచ్చేశారు. మూడోది సగం నేశాక ఇంటి కప్పు కారి జకార్డు పెట్టె మీద నీళ్లు పడ్డాయి. అట్టలు ఉబ్బి, కుట్లు తెగాయి. కొత్త అట్టలు కొట్టిద్దామంటే అదే వారంలో కంప్యూటరు చచ్చింది.

“గంజి పట్టిన పడుగండి. ఈ ముసురుకి పది రోజులుంటే బూజెక్కుద్ది. అప్పుడు చీర సగంలో కోసి పారెయ్యడవేనండి,” అన్నారామె.

“చేత్తో కొట్టలేరా?” అని వీరభద్రం గారిని అడిగాను.

“చేత్తో కొట్టే సామాను ఈ కంప్యూటరొచ్చేక పాత ఇనుముకి వేసేసేనండి. పై ఊళ్లో మెషీనుంది గానండి, బొమ్మ గీసిన గ్రాఫు పట్రమ్మన్నారు. గ్రాఫు కాయితాన్ని చెదలు తినేసినియ్యి.”

ఆయన చెప్పిన కారణాన్ని పక్కన పెట్టి క్యాబినెట్ విప్పాను. ఎక్కడా కాలిన మచ్చ లేదు, ఫ్యూజు తెగలేదు. మదర్‌బోర్డు మూలన నీలంరంగు పీపా ఆకారంలో ఒక చిన్న బ్యాటరీ ఉంటుంది. కరెంటు లేనప్పుడు గడియారాన్ని నడిపేది అదే. అది కారి, చుట్టూ ఆకుపచ్చని పొర అల్లుకుపోయింది. ఆ క్షారం వెంట్రుకంత సన్నని రాగి దారులు నాలుగింటిని తినేసింది. పిడుగు కాదు, పాతికేళ్ల వయసు.

బ్యాటరీ తీసేశాను. క్షారానికి విరుగుడు ఆమ్లం కనుక దూదితో వెనిగర్ అద్ది, తరవాత స్పిరిట్‌తో కడిగి ఆరబెట్టాను. భూతద్దం కింద, తెగిన దారుల పక్కనే సన్నని తీగలు సోల్డరింగ్ చేశాను. ప్రతి తీగనూ మీటరుతో రెండు వైపులా పరీక్షించాను. మర్నాడు మధ్యాహ్నం స్విచ్ నొక్కాను. అంకెలు టిక్కుటిక్కుమంటూ పరుగెత్తాయి. ఫ్లాపీ డ్రైవు గుర్రుమంది. ఒక్క బీప్. పక్క షాపు మందుల కొట్టాయన ఏమైందోనని తొంగిచూశారంటే నేను ఏదో గట్టిగా అని ఉండాలి.

అయితే ఆ ఆనందం గంటసేపే నిలిచింది. హార్డ్ డిస్కు, అంటే ఫైళ్లన్నీ ఉండే భాగం, లోపల టకటకమని కొట్టుకుంటూ ఒక్క అక్షరమూ చదవలేదు. దాన్ని మరో యంత్రానికి తగిలించి చూశాను, తీగలు మార్చి చూశాను. ఫలితం మారలేదు. చిల్లులు కొట్టించే ప్రోగ్రాము సంగతి నయం. వీరభద్రం గారు దాని ఫ్లాపీలను స్టీలు డబ్బాలో బియ్యం మధ్య దాచారు. “బియ్యం చెమ్మ లాగేస్తదండి,” అన్నారు. పనిచేసింది బియ్యం కాదని, గట్టి మూతని నా అభిప్రాయం. ఏదైతేనేం, ఫ్లాపీలు తెరుచుకున్నాయి. పాత డిస్కు స్థానంలో కెమెరాల్లో వాడే మెమరీ కార్డును పెట్టి ప్రోగ్రాము ఎక్కించాను. డిజైన్లు మాత్రం డిస్కుతోనే పోయాయి.

మూడోనాడు సత్యవతి గారికి ఆ మాట చెప్పవలసి వచ్చింది.

“మిషను బతికిందమ్మా. మీ అంచు బొమ్మ మాత్రం దొరకలేదు.”

ఆమె బల్ల పక్కనున్న గోనెసంచీ కేసి చూశారు. “మరి ఇయ్యి తీసుకెళ్లిపోమంటారాండి? మొదటి రోజే తెచ్చేను. మీరు చూడకుండా పక్కన పెట్టమన్నారు.”

“ఏమిటవి?”

“నా పాత అట్టలండి. సైజు చూపిద్దామని.”

సంచీ విప్పాను. ఉబ్బి, మెలితిరిగి, నీళ్లు పట్టి మాసిన తొంభై ఆరు అట్టలు. ఒక్కోదానిపై నూట ఇరవై స్థానాలు. కొన్నిచోట్ల చిల్లు, కొన్నిచోట్ల ఖాళీ. చిల్లు అంటే ఒకటి, లేకపోతే సున్నా. అట్టకు పదిహేను బైట్లు, మొత్తం మీద పద్నాలుగు వందల నలభై బైట్లు. నేను ముందురోజు నుంచి చచ్చిన డిస్కులో వెతుకుతున్న ఫైలు మూడు రోజులుగా నా మోకాలికి తగులుతూ గోనెసంచీలో ఉంది. పూర్వం పెద్ద కంప్యూటర్లు ఇటువంటి చిల్లుల కార్డులనే చదివేవని క్లాసులో ఎన్నిసార్లు చెప్పానో. చెప్పిన నేనే గుర్తించలేదు.

“మీరు ఇంటికెళ్లి పడుగు మీద ఎండుగుడ్డ కప్పండి. ఈ సంచీ ఇక్కడే ఉంచండి,” అన్నాను.

అట్టల్ని పుస్తకాల బరువు కింద చదును చేసి, వెనక నల్లకాగితం పెట్టి స్కానర్‌లో ఒక్కోదాన్నీ రెండుసార్లు తీశాను. రెండూ సరిపోలని ఏడు అట్టల్ని టార్చి వెలుతురులో కంటితో చదివాను. ఇక ప్రోగ్రాము ఆ బొమ్మను ఏ రూపంలో దాచుకుంటుందో తెలియాలి. ఖాళీ డిజైను ఒకటి సేవ్ చేశాను. మూలన ఒక్క చుక్క పెట్టి మళ్లీ సేవ్ చేశాను. రెండు ఫైళ్లనూ పోల్చితే ఒకే ఒక బైటు మారింది. చుక్కను పక్కకు జరిపాను, కిందకు జరిపాను. పన్నెండు ప్రయోగాల్లో వరస తెలిసిపోయింది. అట్టల చిల్లుల్ని ఆ వరసలో రాసి చేసిన నా ఫైలు తెరిచేసరికి 486 తెర మీద, వరస తరవాత వరసగా, మామిడి పిందెల అంచు పైనుంచి కిందకి దిగుతూ వచ్చింది. నా వృత్తిలో అంతటి దృశ్యం నేను చూడలేదు.

ఒక అట్ట అంచు చిరిగి నాలుగు స్థానాలు పోయాయి. వాటిని ఊహించి నింపడం నాకిష్టం లేదు. ఇచ్చేసిన చీరల్లో ఒకదాని ఫొటో సత్యవతి గారి ఫోనులో ఉంటే తెప్పించుకున్నాను. ఆ నాలుగు చుక్కలూ దొరికాయి. దాంతోపాటు నాకొక తప్పు కూడా దొరికింది. ఫొటోలో పిందెల తలలు ఎడమవైపు వంగి ఉన్నాయి. నా తెర మీద కుడివైపు. అట్టల్ని నేనే తిరగేసి చదివానని నిర్ణయించుకుని, బొమ్మ మొత్తాన్ని కుడి ఎడమలు మార్చాను. ఫొటోతో మళ్లీ పోల్చాను. చుక్కకు చుక్క సరిపోయింది. రుజువు చేతిలో ఉంది.

బండారులంకలో వీరభద్రం గారి గదిలో కార్డు బిగించి యంత్రాన్ని కలిపాను. టపటపమంటూ చిల్లులు పడుతుంటే ఆయన గోడకు చేరబడి, “ఈ చప్పుడు ఇన్నాళ్లు లేక అన్నం సహించలేదండి,” అన్నారు. పది అట్టలు వచ్చాయి. సత్యవతి గారు ఒకదాన్ని కిటికీ వెలుతురుకి ఎత్తి, చిల్లుల వెంట బొటనవేలు పోనిచ్చారు.

“ఇయ్యి నా అట్టలు కావండి.”

“మీవేనమ్మా. రెండుసార్లు సరిచూశాను.”

“రెండుసార్లు చూసే ఉంటారండి. నావి కావు.”

ఫోను తీసి ఫొటో చూపించాను. “పిందె తల ఎటుంది?”

“ఎడంపక్కకండి.”

“మొదట నాకు కుడివైపు వచ్చింది. అందుకే మార్చాను.”

“ఎవరు మార్చమన్నారండి?” అన్నారామె. వీరభద్రం గారు నుదురు కొట్టుకున్నారు.

ఆమె నన్ను పక్కింట్లో తన మగ్గం దగ్గరికి తీసుకెళ్లారు. సగం నేసిన చీర మీద నాకు పిందెల బదులు గరుకుగా వేలాడే పోగుల చివరలు కనిపించాయి. “ఇది వెనకవైపండి. మేం బోర్లా నేస్తాం. మొహం కిందకుంటది. మొహం పైకి పెట్టి నేస్తే, పిందె తప్ప మిగతా పోగులన్నీ ఎత్తాలండి. రోజంతా అంత బరువు ఏ కాలు తొక్కుద్దండి?” గుంట పక్కనుంచి గుండ్రటి పౌడరు అద్దం తీసి చీర కింద పెట్టారు. “నేత ఎలా పడిందో ఇందులో చూసుకుంటావండి.”

వంగి చూశాను. అద్దంలో పిందెల తలలు కుడివైపే ఉన్నాయి, నా తెర మీద మొదట కనిపించినట్టే. ఫొటో తీసింది నేత పూర్తయి మడత విప్పిన చీరను, మొహం వైపు నుంచి. వెనక నుంచి చూసినా, అద్దంలో చూసినా కుడి ఎడమలు మారతాయి. అట్టలు రాసిపెట్టింది గుంటలో కూర్చున్న మనిషి వైపు నుంచి. నేను చదివింది సరిగ్గానే ఉంది. సరిదిద్దిందే తప్పు. ఆ అట్టలతో నేసి ఉంటే ఒకే చీరలో సగం పిందెలు ఇటు, సగం అటు చూసేవి.

“ఇంత చదువుకున్నారు, ఒక్క మాట అడిగితే పోయేది కదండీ,” అన్నారు సత్యవతి గారు. కోపం లేదు, నిజంగానే ఆశ్చర్యపోతున్నారు.

మార్చక ముందటి ఫైలు కాపీ ఒకటి ఉంచుకోవడం నా పాత అలవాటు. అదే నన్ను కాపాడింది. సాయంత్రానికి తొంభై ఆరు అట్టలూ కొట్టి కుట్టారు. మర్నాడు ఉదయం ఆమె గుంటలో దిగి మొదటి తొక్కుడు తొక్కారు. అట్ట తిరిగింది, పోగులు లేచాయి, పేక నూలు మోసే నాడె అటు నుంచి ఇటు పరుగెత్తింది. ఒక పిందె పూర్తయింది. అప్పుడామె అద్దాన్ని తాను చూడకుండా నా చేతికిచ్చారు.

“మీరే చూడండి. మీరు చూడందే నమ్మరుగా.”

నేల మీద కూర్చుని చీర కింద అద్దం పట్టాను. పాత పిందె పక్కన కొత్త పిందె, రెండూ ఒకే వైపు వంగి ఉన్నాయి. ఎక్కడ ఆగి ఎక్కడ మొదలైందో తెలియలేదు. పోగులు లెక్కపెట్టుకుంటూ రెండోసారి చూశాను. మూడోసారి చూడబోతే ఆమె అద్దం లాగేసుకున్నారు. “పెళ్లికి టైమవుతుందండి.”

ఆ పది తప్పు అట్టల్ని నా బల్ల ఎదుట గోడకు తగిలించుకున్నాను. వాటిలో ఒక్క చిల్లు కూడా లెక్క తప్పలేదు. ఫొటోతో పోలిస్తే ఇప్పటికీ చుక్కకు చుక్క సరిపోతాయి. సరిపోయిందని తేలాక కూడా, ఆ పని చేసే మనిషి దాన్ని ఏ వైపు నుంచి చూస్తారో అడిగేదాకా పరీక్ష పూర్తికాదని ఆ మగ్గం దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు ఎవరు పాత యంత్రం తెచ్చినా క్యాబినెట్ విప్పే ముందు, వాళ్ల చేతిలోని సంచీలో ఏముందని అడుగుతున్నాను.