పేరు రాయలేదు

యుద్ధకాలంలో బియ్యం దొరక్క జనం పడుతున్న పాట్లు అడిగి రాసుకురమ్మని మా పత్రికవాళ్లు నన్ను భావనపాడు పక్క పల్లెకు పంపారు. ఊళ్లో ఉన్న ఒకే ఒక్క కొట్టు షావుకారు బియ్యంలో ఇసక కలిపి తూస్తున్నాడని ఒక ముసలమ్మ చెప్పింది. ఆమె పేరు రాయనని మాటిచ్చాను, రాయలేదు. చదివేవాళ్లు నమ్మాలని మాత్రం "వలలు అల్లే ఒంటికన్ను ముసలమ్మ చెప్పింది" అని రాశాను. అంత కచ్చితంగా రాసినందుకు మురిసిపోయాను కూడా, వెధవని.

అది అచ్చయింది. ఎవరో షావుకారుకు చదివి వినిపించారట. నేను మళ్లీ వెళ్లేసరికి ఆమెకు బియ్యం ఆపేసి నెలైంది. గుడిసెలో పడి ఉంది, లేచి కూర్చోలేకపోయింది.

"నీ పేరు రాయలేదు కదమ్మా," అన్నాను, సిగ్గులేకుండా.

"నిజిమే బావూ, రాయనేదు," అంది. "మా పల్లెలో ఒంటికన్ను ముసిల్ది నాను కాక ఇంకెవులున్నారు?"