దెయ్యానికి సెలవులు

ఆ సినిమా కథ అతకలేదని నేను ఇప్పటికీ అంటాను. అతికిందని మా మరిది ఇప్పటికీ వాదిస్తాడు. అతను సాలూరులో లారీ నడుపుతాడు. లోడు కోసం గంటలకు గంటలు కాచుకుని ఉంటాడు కాబట్టి ఫోన్లో సినిమాలు చూస్తాడు. నచ్చినవాటిని మా ఇంటికొచ్చినప్పుడు టీవీలో పెట్టి మాకూ చూపిస్తాడు. చూపించి ఊరుకోడు, మేం ఏడుస్తున్నామో లేదో పక్కనుంచి గమనిస్తుంటాడు.

ఆ ఆదివారం మాత్రం అతను వచ్చింది సినిమా కోసం కాదు. వాళ్లమ్మను శ్రీకూర్మం ప్రయాణానికి ఒప్పించడానికి వచ్చాడు.

మా ఆయన పోయి అప్పటికి ఏడాది దాటింది. డ్యూటీలో ఉండగానే గుండె ఆగిపోయింది. మాకు పిల్లల్లేరు, కర్మ అంతా మరిదే చేశాడు. అస్థికలు శ్రీకూర్మంలో కలపడం మా ఇంట్లో ఆనవాయితీ. అస్థికలున్న పిడత ఇంట్లోకి తేకూడదు కనక, కలిపేదాకా ఉంటుందని గుడ్డలో మూటకట్టి పెరట్లో మునగచెట్టుకు వేలాడదీశారు. నాలుగు రోజుల మాటే కదా అనుకున్నాం. కానీ మా అత్త దాన్ని దింపనివ్వలేదు. ఒకసారి తిథి బాగోలేదంది. ఒకసారి మోకాళ్లన్నది. ఎండలు తగ్గనీ అంది, తగ్గాక వానలంది. వానల్లో మూట తడుస్తుందని ప్లాస్టిక్ కవరు తొడిగించింది. కుర్చీ ఎక్కి ఆ కవరు తొడిగింది నేనే. మా శ్రీకాకుళం నుంచి శ్రీకూర్మం ఎంత దూరమని! ఆటో ఎక్కి ఒక కబురు మొదలుపెడితే అది పూర్తయ్యేలోగా ఊరొచ్చేస్తుంది.

ఆ చెట్టు మునక్కాయలు మేం తినడం మానేశాం. చెట్టుకి ఆ సంగతి తెలియదు, ఆ ఏడు విరగ్గాసింది.

చెట్టు కింద గట్టు మీద రోజూ పొద్దున్నే ఆయనకు టీ పెట్టాలని అత్త నియమం. బతికుండగా ఆయనకు సుగరు. చప్పటి టీ ఇచ్చినప్పుడల్లా "ఇది టీయేటి, కషాయం గాని" అని నా మీద విసుక్కునేవారు. పోయాక కూడా ఆ టీ నా పనే అయింది. కాచి, గ్లాసులో పోసి, గట్టు మీద పెట్టి వస్తే అత్త కిటికీలోంచి చూసి తల పంకించేది. సాయంత్రం కాలేజీ ఆఫీసు నుంచి బస్సుల్లో నలిగి వచ్చాక మళ్లీ అక్కడే దీపం పెట్టాలి. జ్వరమొచ్చినా మినహాయింపు లేదు.

నేను అలిసిపోయాను. ఆయనంటే ప్రేమ లేక కాదు. ఉంది కనకే అలసట. ఆయన పోయారని రోజూ పొద్దున్నే ఎవరో మళ్లీ కొత్తగా కబురు తెచ్చినట్టుండేది. ఆ మూట దించేద్దామని కొడుకు అంటే బాధ్యత. కోడలంటే మొగుణ్ని వదిలించుకుంటోందంటారు. అందుకే నోరు మూసుకుని టీ కాచేదాన్ని.

ఆ ఆదివారం భోజనాల దగ్గర మరిది శ్రీకూర్మం మాటెత్తాడు. "పుష్యమాసం ఎల్లనీరా" అని అత్త చేయి కడిగేసుకుంది. మార్గశిరమే ఇంకా అవలేదు. అతను మొహం వేలాడేసుకుని టీవీకి ఫోను తగిలించాడు.

ఏదో మంచు దేశపు క్రిస్మస్ సినిమా, తెలుగు డబ్బింగు. సెలవులు గడపడానికి ఒక అమ్మాయి చెరువు ఒడ్డున ఇల్లు అద్దెకు తీసుకుంటుంది. వసారాలో పాత కాగితం నక్షత్రం కనిపిస్తే అందులో దీపం పెడుతుంది. అది వెలగగానే ఎప్పుడో పడవ మునిగి చనిపోయిన ఆ ఇంటాయన చక్కని కోటు వేసుకుని ప్రత్యక్షమవుతాడు. పండగ వెళ్లి నక్షత్రం దించేదాకా అతను మనిషి, తర్వాత ఏమీ కాడు. ఇక ప్రేమ మొదలు. "ప్రేయసీ, నీ రాకతో నా శిశిరం వసంతమైనది" అంటాడు ఆ దెయ్యం. తెల్లదొరలంతా డబ్బింగులో గ్రాంథికమే మాట్లాడతారు, దెయ్యాలైతే మరీను.

అత్త మొదట్నుంచీ తగువు పెట్టుకుంది.

"ఒరే, సచ్చినోడు కాఫీ ఎలాగ తాగుతన్నాడ్రా?"

"డిసెంబర్లో మనిషైపోతాడమ్మా."

"మరి మిగతా నెల్లు ఎక్కడుంటాడు?"

"అది సెప్పలేదే."

"సెప్పాల కదేటి! ఆళ్లోళ్లు ఎవులూ ఆడికి కర్మ సెయ్యలేదా?"

"సినిమా సూడనీవే, నీకు దండమెడతాను."

చివరికి పండగ అయిపోయింది. నక్షత్రం దించాల్సిన రోజు అమ్మాయి నిచ్చెన ఎక్కి, చెయ్యి చాపి, దించలేక దిగిపోయింది. ఇంకెప్పటికీ దించదట. మంచు పోయి పూలు పూసినా వసారాలో నక్షత్రం వెలుగుతూనే ఉంది, కింద అతను కాఫీ తాగుతూనే ఉన్నాడు. సంగీతం, శుభం. మరిది తువ్వాలుతో కళ్లు తుడుచుకున్నాడు.

"బాగున్నాది కదా వదినా?"

ఊరుకోవలసింది. నాకు ఒళ్లు మండిపోయింది.

"ఏటి బాగున్నాది? కత అతకలేదు. మన పక్కింటోళ్లు సూడు, ఆళ్లూ కట్టారు నచ్చత్రం. పండగెల్లాక దించీసి అటక మీద ఎడతారు. దించితేనే కదా పైయేడు మళ్లీ పండగ? దించకపోతే అది పండగెలాగవుతాది? ఆ పిల్ల బతుకేటి కావాల?"

నా గొంతు నాకే పెద్దగా వినిపించింది. మా పక్కింటివాళ్లు బాప్టిస్టు చర్చికి వెళ్తారు, వాళ్ల డాబా మీద ఎర్ర నక్షత్రం మా కిటికీలోంచి కనిపిస్తుంది. దాని ఇవతలే మా మునగచెట్టు. నేను దేని గురించి అరిచానో ముగ్గురికీ తెలుసు. మరిది టీవీలో పోతున్న పేర్లవంకే చూస్తున్నాడు.

అత్త చాలాసేపు కిటికీవైపు చూసింది. తర్వాత అంది:

"ఒరే, ఆ దీపం రోజూ ఎవులెలిగిస్తారు?"

"ఆ పిల్లే కదమ్మా."

"కాఫీ ఎవులెడతారు?"

"ఆ పిల్లే."

"అంత మంచులోన. ఆడికేటి, సెలవలకొచ్చినోడు. ఇస్తే తాగీసి కూకుంటాడు. మరా గుంటకి సెలవెప్పుడ్రా?"

మరిది టీవీ కట్టేశాడు.

"నాకూ అతకలేదు కత," అంది. మోకాళ్ల మీద చేతులు ఆన్చి లేచింది. "రేపు నీకు లోడున్నాదా?"

"లేదమ్మా," అన్నాడు మరిది. ఉంది. వచ్చీ రాగానే నాకు చెప్పాడు.

"అయితే రేపెల్దాం."

అప్పుడు ఏడుపొచ్చింది నాకు. మరిది అది చూడనేలేదు. లోడుకి ఇంకెవరినైనా చూసుకోమని ఓనరుకి చెప్పడానికి ఫోను పట్టుకుని వీధిలోకి పోయాడు.

మర్నాడు ఆటోలో అత్త మూటను తన ఒళ్లోనే పెట్టుకుంది. గతుకు వచ్చినప్పుడల్లా దాని మీద అరచెయ్యి అదిమేది. "మెల్లగా పోనీ నాయనా" అని ఆటో అతన్ని దారంతా బతిమాలింది. శ్రీకూర్మంలో కలిపేటప్పుడు మాత్రం ఏడవలేదు. తిరిగొచ్చేటప్పుడు ఖాళీ ఒళ్లో చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక నా చెయ్యి పట్టుకుంది. ఇల్లు వచ్చేదాకా వదల్లేదు.

తర్వాతి రోజు పొద్దున్న అలవాటుగా లేచాను. అలవాటుగానే టీ కాచి, గ్లాసు పట్టుకుని పెరట్లోకి వెళ్లాక గుర్తొచ్చింది. గట్టు మీద అత్త కూర్చుని ఉంది. పైన కొమ్మకు తాడు ముక్క మాత్రం మిగిలింది. గ్లాసుతో ఏం చేయాలో తెలియక నిలబడిపోయాను. ఆమె చెయ్యి చాపింది. ఇచ్చాను.

ఒక గుక్క తాగి మొహం చిట్లించింది.

"ఓలమ్మా, ఇంత పంచదారేటే? రోజూ ఆడికి ఇలాగే ఇస్తన్నావా?"

తలూపాను.

"ఆడికి సుగరు కాదేటే?"

"ఇంక సుగరేటి సేస్తాది అత్తా," అన్నాను.

అత్త నావంక చూసింది. గట్టు మీద కాస్త పక్కకు జరిగి నాకు చోటిచ్చింది. ఆ తియ్యటి టీ చివరిదాకా తాగింది.