వెనక నుంచి పిలవకూడదు

వెనిస్‌లో నా భార్యను పోగొట్టుకున్నాను. గంటకు పైగా. మా అబ్బాయి ఈ సంగతి స్కోఫీల్డ్స్‌లో మా వీధి వాళ్ళందరికీ నవ్వుతూ చెబుతున్నాడు కాబట్టి, జరిగింది జరిగినట్టు నేనే రాయడం మంచిదనిపించింది. జరిగినదానికి అర్థం ఏమిటో మాత్రం నాకింకా తెలియలేదు.

నేను సిడ్నీలో ఇరవై రెండేళ్ళు బస్సు నడిపాను. ద పాండ్స్ అనే పేటలో ఇళ్ళు లేవక ముందు, రోడ్లకు ఇంకా పేర్లు కూడా పెట్టనప్పుడు, పన్నెండు మీటర్ల బస్సును ఆ మలుపుల్లో తిప్పినవాణ్ణి. ఎవరినీ దారి అడగలేదు. అడగడం మా ఇంటా వంటా లేదు. మా తాతగారికి మూడు ఊళ్ళలో భూములుండేవి. నేను పుట్టేనాటికి ఇల్లొక్కటే మిగిలింది. నా పెళ్ళినాటికి అదీ లేదు. నడుం వంచకుండా నడవడం మాత్రం మిగిలింది.

ఇంకొకటి కూడా మిగిలింది. మా భూముల దావా తీర్పు వచ్చే రోజున, తాతగారు గడప దాటి నాలుగడుగులు వేశాక, కండువా మరిచిపోయారని మా మేనత్త వెనక నుంచి పిలిచిందట. అప్పటికామెకు తొమ్మిదేళ్ళు. తీర్పు మాకు వ్యతిరేకంగా వచ్చింది. ఆ తరువాత మా ఇంట్లో నడిచిపోయే మగవాణ్ణి ఎవరూ వెనక నుంచి పిలవలేదు. పొరపాటున పిలిస్తే ఆగి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరాలి. నా భార్య కాపురానికి వచ్చిన రోజున, రెండు గదుల అద్దె వాటాలో, మా అమ్మ ఆమెకు మొదట చెప్పింది ఈ మాటే. అలాగేనండీ అంది. నలభై ఏళ్ళు అలాగే ఉంది.

ఆ నలభై ఏళ్ళు నిండాయనే మా అబ్బాయి ఈ ప్రయాణం పెట్టాడు.

"నాన్నా, అమ్మకి కూడా సిమ్ తీసుకోండి. అక్కడ అంతా కన్ఫ్యూజింగ్‌గా ఉంటుంది," అన్నాడు.

"ఇద్దరం కలిసేగా తిరుగుతాం. రెండెందుకు?" అన్నాను.

మనవరాలు ఫోన్ లోంచి తల ఎత్తకుండానే, "తాతా, యూ వాక్ టూ ఫాస్ట్," అంది.

ఆ మాట అప్పుడే వినాల్సింది.

వెనిస్‌లో మొదటి ఉదయం గండోలా ఎక్కాలని బయల్దేరాం. అది నా భార్య కోరిక. ఎన్నో ఏళ్ళుగా ఫ్రిజ్ మీద అయస్కాంతంతో అంటించుకున్న బొమ్మ. పడవల రేవు దగ్గరేనని హోటల్ వాళ్ళు చెప్పారు. నేను ముందు, ఆమె నాలుగడుగుల వెనక. ఇది కూడా మా ఇంటి పద్ధతే. సందు ఎంత ఇరుకంటే నా మోచేతులు రెండు గోడలకూ తగిలాయి. ఫోన్‌లోని నీలం చుక్క ఒకసారి నన్ను కాలువ మధ్యలో నిలబెట్టింది. దాన్ని జేబులో పడేసి, తోచిన వైపు తిరిగాను. మళ్ళీ తిరిగాను. సందు చివర నాలుగు మెట్లు నీళ్ళలోకి దిగాయి. ఆ తరువాత దారి లేదు.

"చూశావా ఈ వింత," అంటూ వెనక్కి తిరిగితే, చక్రాల పెట్టె లాక్కుంటూ ఒక తెల్ల జంట నిలబడి ఉంది.

మొదట కోపం వచ్చింది. ఏదో దుకాణం ముందు ఆగి ఉంటుందనుకున్నాను. వచ్చిన దారినే వెళ్ళానని నా నమ్మకం. కానీ దాటిన వంతెన మళ్ళీ దొరకలేదు. దొరికినవన్నీ దాని లాగే ఉన్నాయి. ముసుగులు అమ్మే దుకాణం మూడుసార్లు కనిపించింది. అది ఒకటేనో, మూడు వేరువేరు దుకాణాలో ఇప్పటికీ చెప్పలేను. బస్సు రూటులో ఒక మలుపు తప్పితే వీధి చుట్టి మళ్ళీ అదే స్టాపుకు వస్తాం. ఇక్కడ చుట్టి వస్తే వేరే చోటికి వస్తున్నాను. అప్పటికి కోపం పోయింది. ఆమె దగ్గర ఫోన్ లేదు. హోటల్ కార్డు నా దగ్గరే. ఆమె రక్తపోటు మాత్రలు నా చొక్కా జేబులో.

"ఇదిగో!" అని కేకేశాను. నలభై ఏళ్ళుగా నేను పిలిచే పిలుపదే. ఒకరిద్దరు తల తిప్పి చూసి వెళ్ళిపోయారు.

ఆమెకు పేరుంది. ఆ పేరును నేను పైకి అన్నది మూడుసార్లు. పెళ్ళిపీటల మీద, వీసా కౌంటర్ దగ్గర, మా అబ్బాయి పుట్టిన ఆసుపత్రిలో. మూడుసార్లూ ఎవరో అడిగితేనే చెప్పాను. ఆమెను పిలవడానికి ఒక్కసారీ వాడలేదు.

ఒక కాలువ గట్టున నిలబడి, గొంతెత్తి ఆ పేరు పిలిచాను. గోడలు దాన్ని అటూ ఇటూ తోశాయి. జవాబు లేదు. మరింత గట్టిగా పిలిచాను. పై అంతస్తులో కిటికీ తెరుచుకుంది. ఒక ముసలావిడ తొంగి చూసి తన భాషలో ఏదో అడిగింది.

"మా ఆవిడండీ, తప్పిపోయింది," అన్నాను, తెలుగులోనే.

ఆవిడకు అర్థమైంది. రెండు చేతులూ నోటి దగ్గర పెట్టుకుని, మా ఆవిడ పేరును తనకు తోచిన రాగంలో, వీధంతా వినబడేలా పిలిచింది. మా ఇంటి కోడలి పేరు ఒక పరాయి కిటికీలోంచి అలా మోగుతుంటే తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు. ఆవిడ పిలవడం ఎక్కడ ఆపేస్తుందోనని భయం కూడా వేసింది.

"ఇక్కడున్నానండీ!"

కాలువకు అవతల, కొంచెం పక్కగా, ఒక ఇంటి మెట్ల మీద కూర్చుని ఉంది. చేతిలో ఐస్‌క్రీం. మా మధ్య ముప్పై అడుగుల నీళ్ళు.

"అక్కడికెలా వెళ్ళావు?"

"నేనెక్కడికీ వెళ్ళలేదండీ. మీరే వెళ్ళారు."

"కదలకు. వస్తున్నాను."

వంతెన కోసం ఎడమకు నడిచాను. చాలాసేపు నడిచాను. చివరికి అదే కిటికీ కిందికి వచ్చాను. ముసలావిడ నన్ను చూసి నుదురు కొట్టుకుని కుడివైపు చెయ్యి చూపించింది. అవతలి గట్టున నా భార్య కూడా, తింటున్న ఐస్‌క్రీంతోనే, కుడివైపు చూపిస్తోంది. కుడివైపు ఇరవై అడుగుల్లో వంతెన ఉంది.

"ఇందాకే చెప్పొచ్చుగా!" అన్నాను ఆమెను చేరగానే.

"ఎలా చెబుతానండీ? మీరప్పటికే వెనక్కి తిరిగేశారు." కాగితం రుమాలుతో చేతులు తుడుచుకుంది. "పొద్దున్నే చూశాను. గోడ మీద రేవు బాణం కుడికి ఉంది, మీరు ఎడమకి తిరిగారు. నేను బాణం దగ్గరే ఆగాను."

"పిలవకూడదూ?"

"వెనక నుంచా?"

మాత్ర తీసి ఇచ్చాను, వేసుకుంది. రేవు అక్కడికి నాలుగు ఇళ్ళ దూరమే. గండోలాలో సీటు ఒకటే, ఇద్దరం పక్కపక్కన కూర్చున్నాం. ఒక వంతెన కింద నీడలోకి వెళ్ళినప్పుడు ఆమె అంది, "మొదటిసారి పిలిచినప్పుడే వినపడింది."

"మరి పలకలేదేం?"

"మళ్ళీ పిలుస్తారేమోనని. రెండోసారీ పిలిచారు. ఆవిడ కూడా మొదలెట్టేసరికి, ఇంకా కూర్చుంటే బాగుండదని పలికాను."

నా గుండె ఎలా కొట్టుకుందో ఆమెకు చెప్పాలనుకున్నాను. కోప్పడాలని కూడా అనుకున్నాను. ఏది ముందో తేలేలోపు పడవ ఎండలోకి వచ్చేసింది. ఆమె నీళ్ళకేసి చూస్తోంది. నలభై ఏళ్ళలో ఎన్ని తప్పుదారుల్లో నేను నడుస్తుంటే ఆమె చూస్తూ ఊరుకుందో అడగాలనిపించింది.

పోయిన శనివారం సిడ్నీలో మన దుకాణాలుండే హారిస్ పార్క్ పేటకు వెళ్ళాం. కరివేపాకు, పూతరేకులు కొని, సంచి పట్టుకుని నేను ముందు నడుస్తున్నాను.

"ఏవండీ!"

వెనక నుంచి. అంత జనంలో. నా కాళ్ళు ఆగిపోయాయి.

"కారు అటు కాదు, ఇటు."

తిరిగి చూశాను. ఆమె మూల మీద నిలబడి ఉంది, ముఖంలో బెరుకు లేదు. మేనత్త గుర్తొచ్చింది. ఆ తొమ్మిదేళ్ళ పిల్ల చెప్పింది కూడా కండువా గురించే, అది నిజంగా మరిచిపోయిన కండువానే. బస్ స్టాపు బెంచీ కనిపిస్తే వెళ్ళి కూర్చున్నాను. సంచిలోంచి సీసా తీసి నీళ్ళు తాగాను. పద్ధతి ప్రకారం తాగానో, దాహమేసి తాగానో నాకే తెలియలేదు.

ఆమె వచ్చి పక్కన కూర్చుంది. సీసా అందుకుని తనూ రెండు గుక్కలు తాగింది.

"వెళ్దామా?" అంది.

కారు ఆమె చెప్పిన వైపే ఉంది.