మందు మూత

మా సైన్సు సార్ పోయిన సంగతి నాకు రెండుసార్లు తెలిసింది. మొదటిసారి, అది ఆయన సంగతని తెలియలేదు.

పోయిన వారం ఒక సాయంత్రం మా పేపరు డెస్కుకు చిన్న వార్త వచ్చింది. మైపాడు బస్టాపులో గుర్తు తెలియని వృద్ధుడి మృతి. వయసు సుమారు డెబ్బై. జేబులో మందు సీసా మూత ఉంది. మద్యం మత్తులో పడిపోయినట్లు భావిస్తున్నారు. ఇలాంటివి ఇరవై ఏళ్లుగా చూస్తున్నాను. ఒక కామా తీసేసి పంపించాను.

మర్నాడు మధ్యాహ్నం విడవలూరు నుంచి నాతో చదువుకున్నవాడు ఫోన్ చేశాడు.

"మీ పేపర్లో మైపాడు బస్టాపు వార్త చూసినావా?"

"చూసినా."

"మన సైన్సు సార్ రా అది. ఇందాక వాళ్ల ఇంటామె నెల్లూరు పెద్దాసుపత్రికి పోయి గుర్తుపట్టింది. ఆయన తాగేదేందిరా? ఎవుడు రాసినాడు అది?"

పేపరు నా ముందే ఉంది. ఆ వార్త మళ్లీ చదివాను.

వార్త పంపిన కుర్ర విలేకరిని అడిగాను. "జేబులో మందు మూత ఉందని కానిస్టేబుల్ అన్నాడన్నా. మందంటే నేను..." అని ఆగిపోయాడు. ఆ మాటను నేనూ అతని అర్థంలోనే చదివాను. అతన్ని ఏమనగలను?

ఆ మూత నాకు తెలుసు. దగ్గు మందు సీసాకు వచ్చే ప్లాస్టిక్ మూత. రెండున్నర, అయిదు, పది మిల్లీలీటర్ల గీతలుంటాయి. మా బడిలో ఉన్న ఒక్క కొలజాడీ పగిలిపోతే, సార్ ఆ మూత జేబులో వేసుకొచ్చారు. రిటైరయ్యాక కూడా అది ఆయన జేబులోనే ఉండేది.

ఎనిమిదో తరగతిలో ఒకరోజు వలకు కట్టే సీసం గుండు చూపించి, దీని ఘనపరిమాణం ఎంతో ముందు అంచనా చెప్పమన్నారు.

"గిద్దలో సగం సార్," అన్నాడు, ఇప్పుడు ఫోన్ చేసినవాడే.

"అంత గుండ్లు కడితే వలతోపాటు మీ నాయన కూడా మునుగుతాడు రా."

అయిదో గీత దాకా నీళ్లు పోసి గుండు వేశారు. అంత పొడుగు మనిషి మోకాళ్ల మీద కూర్చుని, కన్ను నీళ్ల మట్టానికి దించి చూశారు. బోర్డు మీద "రెండుకు పైన, మూడుకు లోపల" అని రాశారు. "సుమారు అని రాస్తే, ఎంత తేడా ఉండొచ్చో కూడా రాయాల," అన్నారు.

మా నాన్న ఉప్పు కొఠార్లలో పనిచేసేవాడు. మర్నాడు నేను చింతగింజంత ఉప్పు గల్లు తెచ్చి అదే మూతలో వేశాను. నీళ్లు కాస్త పెరిగాయి. నేను తీరిగ్గా పెన్సిల్ చెక్కుకుని చూసేసరికి గల్లు సగమైంది. ఉన్నదే రాసి చూపించాను.

"నువ్వు కొలిచింది గల్లునా, కరగంగా మిగిలినదాన్నా?" అన్నారు సార్. క్లాసంతా నవ్వింది. ఆ తర్వాత రోజు ఇంటి నుంచి కొబ్బరినూనె తెచ్చి, ఆ కొలత నాతోనే చేయించారు. "ఎందులో ముంచతా ఉండావో ముందు చూసుకోరా," అన్నారు.

సవరణ వేశాం. చనిపోయింది గుండెపోటుతోనని డాక్టరు చెప్పారనీ, జేబులోది దగ్గు మందు మూత అనీ రాశాను. తప్పు మాదేనని రాశాను. తర్వాత విడవలూరు వెళ్లాను. ఆ వార్త నా చేతి మీదుగానే వెళ్లిందని సార్ భార్యకు చెప్పాను.

"ఆ పొద్దు వీధిలోవాళ్లు పేపరు తెచ్చి చూపించినారు నాయనా. నువ్వు తర్వాత వేసింది ఎంతమంది చదివుంటారు?"

"తెలీదమ్మా," అన్నాను.

పోలీసులు ఇచ్చిన కవరు తెచ్చి బల్ల మీద బోర్లించింది. బస్సు టికెట్టు, మూత, మూతలో ఇసుక, ఒక చిన్న గవ్వ. నెలకోసారి మైపాడు తీరానికి వెళ్లి గవ్వలు ఏరుకొచ్చి కొలిచేవారట. ఆమె మూత కడిగి, అయిదో గీత దాకా నీళ్లు పోసి, గవ్వను అందులో జారవిడిచింది.

"ఎంతుంటాది?"

నేను అంచనా చెప్పలేదు. మోకాళ్ల మీద కూర్చుని, కన్ను నీళ్ల మట్టానికి దించాను. గవ్వలోంచి ఒక బుడగ పైకి వచ్చి పగిలింది. నీళ్లు ఇంకా కదులుతున్నాయి.